అద్దంలో వెనకవాడి హెడ్‌లైట్ కనిపించకపోతే ఏం చేస్తారు? లేపాక్షి రైడ్ తర్వాత అడుగుతున్నా

హెబ్బాళ 350
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బెంగళూరు తెలుగు రైడర్ల సలహా కావాలి. పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నిన్న 14 బండ్లతో లేపాక్షి వెళ్లాం. లీడ్ నేనే. పొద్దున 5:30కి హెబ్బాళ దగ్గర బయలుదేరి దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటుకుని, కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగాం. సగం మంది మా ఆఫీసు వాళ్లు, మిగతావాళ్లు వాళ్ల ఫ్రెండ్స్. ముగ్గురికి అదే మొదటి గ్రూప్ రైడ్.

బాగేపల్లి టోల్ దాటాక ఆ ముగ్గురిలో ఒక తమ్ముడు గ్లవ్స్ సరిచేసుకుందామని పక్కకు ఆగాడట. మాకెవరికీ తెలీదు. చివర్న రావాల్సిన స్వీప్ రైడర్‌కి నెమ్మదిగా రావడం విసుగనిపించి అప్పటికే మధ్యలోకి వచ్చేశాడు. తమ్ముడు తలెత్తి చూసేసరికి రోడ్డు మీద మావాళ్లు ఒక్కరూ లేరు. అందుకోవాలని ఒక్కడే వేగంగా వచ్చాడు. లేపాక్షి రోడ్డులో ఒక మలుపు తిరగ్గానే రోడ్డు నిండా ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. మేం నెమ్మదించి దాటాం. నేను చెయ్యి చూపించి వెనకవాళ్లకు చెప్పాను కూడా. అతనికి మాత్రం చెప్పేవాళ్లు ముందు ఎవరూ లేరు. బ్రేక్ పట్టాడు, ముందు చక్రం జారింది, కాలర్ బోన్ విరిగింది.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ పడడం కూడా కాదు. గుడి దగ్గర బండ్లు ఆపి, హెల్మెట్లు తీసి, ఫోటోలు మొదలుపెట్టాక ఎవరో లెక్కపెడితే పదమూడు ఉన్నాయి. అప్పటిదాకా ఒకడు లేడన్న సంగతే మాకు తెలీదు. వెనక్కి వెళ్లేసరికి ఒక పెద్దావిడ వాడి పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుస్తోంది. మేం పన్నెండు బండ్లు రోడ్డు మీదే ఆపేశాం. ఒకరు హెల్మెట్ లాగేశారు, ఒకరు నీళ్లు తాగించారు. ఇంటికి ఫోన్ చేద్దామంటే ఎవరి దగ్గరా నంబర్ లేదు, వాడి ఫోన్‌కి లాక్. చివరికి ఆ ఊరివాళ్లే ఆటో మాట్లాడి హిందూపురం పంపించారు.

వాడిప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, బాగానే మాట్లాడుతున్నాడు. ఆరు వారాలు బండి ముట్టుకోవద్దన్నారు. లీడ్ చేసింది నేను కాబట్టి తప్పు నాదే అనుకుంటున్నా. మళ్లీ ఇలా జరగకుండా ఏం పద్ధతులు పెట్టుకోవాలో చెప్పండి.

పాత బుల్లెట్
సోమవారం, రాత్రి 9:50

తమ్ముడూ, ముందు ఆ పిల్లవాడు త్వరగా కోలుకోవాలి. ఇవన్నీ దాచకుండా రాశావు, అందుకే నేనూ ఉన్నదున్నట్టు చెప్తా.

14 బండ్లు ఒక గ్రూపు కాదు, ఊరేగింపు. ఒక్కో బండికీ మధ్య 30 మీటర్లు వదిలితే మొదటి బండికీ చివరి బండికీ మధ్య దాదాపు 400 మీటర్లు. నువ్వు 80లో వెళ్తున్నావు అనుకో. ఏ లారీ వల్లో చివరివాడు ఇంకో 400 మీటర్లు వెనకబడ్డాడు. వాడు 100లో వచ్చినా నీకూ వాడికీ తేడా 20 మాత్రమే. ఆ గ్యాప్ మూయడానికి 72 సెకన్లు పడుతుంది. అంటే కొత్త కుర్రాడు 2 కిలోమీటర్ల పాటు 100లో నడపాలి. అదీ మధ్యలో ఏ అడ్డూ లేకపోతే. ముందున్నవాడు కాస్త యాక్సిలరేటర్ తిప్పితే చివరివాడి మీద పడే బరువు ఇది. లీడ్‌కి ఇది తెలియదు, ఎందుకంటే లీడ్‌కి ఎప్పుడూ రోడ్డు ఖాళీగానే కనిపిస్తుంది.

అందుకని ఆరేడు బండ్లకు మించి కలపొద్దు. 14 మంది వస్తే రెండు గ్రూపులు చెయ్యి, రెండింటికీ వేరే లీడ్, వేరే స్వీప్, మధ్యలో పది నిమిషాల తేడా. టిఫిన్ దగ్గర ఎలాగూ అందరూ కలుస్తారు.

ఇంకోటి. కొత్తవాళ్లను చివర్న పెట్టకూడదు. లీడ్ వెనకే, రెండో స్థానంలో పెట్టాలి. అప్పుడు లీడ్ అద్దంలో ఎప్పుడూ వాళ్లే కనిపిస్తారు, వేగం దానంతటదే వాళ్లకు తగ్గట్టు ఉంటుంది.

సిటీ టూరర్
సోమవారం, రాత్రి 10:15

ప్రమాదం గురించి చదివి బాధేసింది. కానీ తప్పంతా లీడ్ మీద వేసుకోవడం నాకు నచ్చలేదు. అందరూ లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లే. లొకేషన్ పిన్ అందరి ఫోన్లలో ఉంటుంది. వెనకబడితే నిదానంగా రావచ్చు కదా. అందుకోమని ఎవరూ అనలేదు.

పాత బుల్లెట్
సోమవారం, రాత్రి 10:31

ఎవరూ అనక్కర్లేదు బాబూ. కొత్తచోటికి, కొత్త మనుషులతో వచ్చినవాడికి వెనకబడ్డానన్న టెన్షనే చాలు. 'నీకోసం మేం ఆగుతాం' అని బయలుదేరేముందు నోటితో చెప్పాలి. చెప్పకపోతే, వాళ్లు వెళ్లిపోతారు అనే అనుకుంటాడు.

వైట్‌ఫీల్డ్ హిమాలయన్
సోమవారం, రాత్రి 10:58

మేం నాలుగేళ్లుగా ఒకటే రూల్ పాటిస్తున్నాం. ఈ థ్రెడ్ టైటిల్‌లో ఉన్నదే. ప్రతి ఒక్కరూ తన వెనకున్న ఒక్క బండికి బాధ్యత తీసుకోవాలి. మొత్తం గ్రూపుని చూడక్కర్లేదు, ఆ ఒక్క హెడ్‌లైట్ చాలు. అద్దంలో అది కనిపించకపోతే నెమ్మదించు. కాసేపటికీ రాకపోతే రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆగు. నువ్వు ఆగితే నీ ముందువాడి అద్దంలో నువ్వు కనిపించవు, కాబట్టి వాడూ ఆగుతాడు. అలా ఒక్కొక్కరూ ఆగుతూ సంగతి లీడ్ దాకా వెళ్తుంది. ఫోన్ అక్కర్లేదు, హెల్మెట్‌లో పెట్టుకుని మాట్లాడుకునే ఇంటర్‌కామ్ అక్కర్లేదు, సిగ్నల్ లేని అడవిలో కూడా పనిచేస్తుంది. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి పట్టపగలు కూడా అద్దంలో చుక్కలా తెలుస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు స్విచ్ వేసుకుని రావాలి.

మలుపు తిరగాల్సి వస్తే ఇంకా ముఖ్యం. కొడికొండ లాంటి చోట హైవే వదిలేటప్పుడు వెనకవాడు నిన్ను చూసేదాకా ఆ మూల దాటకూడదు. అతను చూశాడని తెలిశాకే కదలాలి. తర్వాత అతను తన వెనకవాడికోసం ఆగుతాడు. ఈ పద్ధతి ఉంటే మీ తమ్ముడు ఆగిన నిమిషంలోనే అతని ముందువాడికి తెలిసేది.

హెబ్బాళ 350
సోమవారం, రాత్రి 11:20

ఇది చదివి రెండు నిమిషాలు అలాగే కూర్చున్నా. అతని ముందు నడిపినవాడిని ఇప్పుడే అడిగాను. 'టోల్ తర్వాత అద్దం చూసుకోలేదన్నా' అన్నాడు. చూడమని నేనూ చెప్పలేదు.

నర్సమ్మ ఆన్ వీల్స్
మంగళవారం, ఉదయం 6:40

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా. నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని, 200సీసీ బండి నడుపుతాను. పడ్డ తర్వాత జరిగిన విషయాల గురించి ఎవరూ రాయలేదు, అందుకే ఇది.

హెల్మెట్ లాగడం. మనిషి ఊపిరి పీలుస్తూ మాట్లాడుతుంటే హెల్మెట్ తీయొద్దు. వైజర్ (ముఖం ముందుండే అద్దం) పైకెత్తండి, ఊపిరాడనివ్వండి, అంతే. మెడ ఎముకకు దెబ్బ తగిలిందో లేదో బయటికి తెలియదు. తల కదిలిస్తే వెన్నుపాముకి దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో హెల్మెట్‌కి రెండువైపులా పట్టుకుని, కదలకుండా ఉంచాలి. 'లేవకు, తల తిప్పకు, మేం ఇక్కడే ఉన్నాం' అని మాట్లాడుతూ ఉండాలి. ఊపిరి ఆడకపోతే, నోట్లో రక్తమో వాంతో అడ్డుపడితే అప్పుడు తీయక తప్పదు. అప్పుడైనా ఇద్దరు కావాలి. ఒకరు కిందనుంచి మెడా దవడా కదలకుండా పట్టుకోవాలి, రెండోవారు బకిల్ విప్పి, హెల్మెట్‌ని రెండువైపులా వెడల్పుగా లాగి పట్టి నిదానంగా తీయాలి. ఒక ఆదివారం ఇంట్లో చాప మీద ఒకరిని పడుకోబెట్టి ప్రాక్టీస్ చేసి చూడండి. మొదటిసారి రోడ్డు మీద చేయకూడని పని ఇది.

నీళ్లు తాగించొద్దు. స్పృహ సరిగ్గా లేనివాళ్లకు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి. గొంతు ఎండిందంటే పెదవులు తడపండి, చాలు.

అందరూ చుట్టూ మూగొద్దు. 14 మందిలో మనిషి దగ్గర ఇద్దరు చాలు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, 112 అయినా సరే. నేషనల్ హైవే మీదైతే 1033. ఇద్దరు ఆ మలుపుకి రెండువైపులా బాగా దూరం నడిచి వచ్చే బండ్లను ఆపాలి. మిగతావాళ్లు బండ్లు రోడ్డు దింపాలి. పడ్డవాడి మీదకి వెనకొచ్చే కారు ఎక్కిన కేసులు మా వార్డుకి వచ్చాయి.

అందరి ఫోన్‌లోనూ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ నంబర్, బ్లడ్ గ్రూప్ కనిపించేలా పెట్టుకునే వీలుంది. ఇప్పుడే, ఈ పోస్ట్ చదువుతూనే పెట్టేయండి. ఒక చీటీ మీద రాసి హెల్మెట్ లోపల అంటించుకున్నా మంచిదే.

చివరగా, ఆ తమ్ముడి హెల్మెట్ పైకి బాగానే కనిపించినా ఇక వాడొద్దని చెప్పండి. నేలకి తగిలిన హెల్మెట్ లోపలి థర్మకోల్ ఒకసారే అణుగుతుంది, రెండోసారి కాపాడదు. కొత్తది ఐఎస్‌ఐ మార్కు చూసి కొనమనండి.

మారతహళ్లి పల్సర్
మంగళవారం, ఉదయం 9:05

అక్కా, ఒక డౌట్. వేరే ఎవరో పడి ఉంటే మనం ఆగి సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామా? మా ఇంట్లో దీనికే భయపడతారు.

నర్సమ్మ ఆన్ వీల్స్
మంగళవారం, ఉదయం 9:30

ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అనే సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ పెట్టడానికి లేదు. పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ మాట మీ అమ్మానాన్నలకు కూడా చెప్పు.

యలహంక డ్యూక్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఫార్మేషన్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? స్టాగర్డ్‌లో వెళ్తే సగం సమస్యలు తీరతాయి. లీడ్ ఎడమ లేన్‌లో కుడివైపు, రెండోవాడు అదే లేన్‌లో ఎడమవైపు ఒక సెకను వెనక, మూడోవాడు మళ్లీ కుడివైపు. సూటిగా ముందున్న బండికి రెండు సెకన్ల దూరం. 80లో సెకనుకి 22 మీటర్లు పోతాం, కాబట్టి రెండు సెకన్లంటే 44 మీటర్లు. ముందువాడు సడన్‌గా బ్రేక్ వేసినా పక్కన ఖాళీ ఉంటుంది.

సిటీ టూరర్
మంగళవారం, మధ్యాహ్నం 1:45

మన రోడ్ల మీద 44 మీటర్లు వదిలితే అందులోకి రెండు కార్లు, ఒక టెంపో వచ్చి చేరతాయి. ఇక ఎడమ అంచున నడిపేవాడి సంగతి చూడండి. చిక్కబళ్లాపుర దాటాక ఆ అంచునే ట్రాక్టర్లు, మోపెడ్లు ఎదురుగా రాంగ్ సైడ్‌లో వస్తాయి. ముందువాడి వీపు అడ్డుగా ఉండి అవి కనిపించేలోపే మీదికొస్తాయి. నాకు రెండుసార్లు అయింది.

యలహంక డ్యూక్
మంగళవారం, మధ్యాహ్నం 2:20

రాంగ్ సైడ్ గురించి నువ్వన్నది నిజం, దాని గురించి నేను ఆలోచించలేదు. మరి ఏం చేస్తున్నారు?

వైట్‌ఫీల్డ్ హిమాలయన్
మంగళవారం, సాయంత్రం 6:15

మేం చేసేది చెప్తా. ఊరు లోపల అసలు ఫార్మేషనే వద్దు. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద కలిసే ఉండాలని సిగ్నల్స్ జంప్ చేయడం, కార్లవాళ్లకు దారి ఇవ్వకపోవడం చాలా తప్పు. ఎవరి దారిన వాళ్లు వచ్చి సాదహళ్లి టోల్ దాటాక బంకులో కలుస్తాం. రైడ్ అక్కడే మొదలవుతుంది.

హైవే మీద రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే స్టాగర్డ్. ఊళ్లు, జంక్షన్లు, మలుపులు, ఘాట్, వాన, మంచు వస్తే వెంటనే ఒకరి వెనక ఒకరు, ఎవరి లైన్ వాళ్లది. జనవరిలో చిక్కబళ్లాపుర వైపు పొద్దున మంచు ఎంత దట్టంగా ఉంటుందో తెలిసిందే. మధ్యలోకి కారు వస్తే రానివ్వండి, అదే పోతుంది. దాన్ని అడ్డుకోవడానికి ముందువాడికి అతుక్కుపోవడమే అసలు ప్రమాదం.

సైగలు కూడా ఐదే పెట్టుకున్నాం. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి చేతిసైగలన్నీ ఎడమచేత్తోనే. ఒక వేలు పైకెత్తితే ఒకరి వెనక ఒకరు. రెండు వేళ్లయితే స్టాగర్డ్. అరచెయ్యి కిందికి ఆడిస్తే నెమ్మది. గుంత ఎడమవైపు ఉంటే చెయ్యి, కుడివైపు ఉంటే కుడికాలు చూపించాలి. ట్యాంకు మీద చూపిస్తే పెట్రోలు. ముందువాడు చేసిన సైగని ప్రతి ఒక్కరూ వెనక్కి అందించాలి. అయితే గుంత మీదే ఉన్నప్పుడు, గట్టిగా బ్రేక్ వేయాల్సినప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి.

అన్నట్టు, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వరసగా వెళ్లే గ్రూపుల్ని చూస్తే నాకు భయం. అందులో ఎవరు ఎటు తిరుగుతారో వెనకొచ్చే బస్సు డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది?

పాత బుల్లెట్
మంగళవారం, సాయంత్రం 7:00

ఓవర్‌టేక్ గురించి కూడా చెప్పుకోవాలి. గ్రూపుల్లో పడేవాళ్లలో చాలామంది పడేది అక్కడే. లీడ్ లారీని దాటి, 'రా, రా' అని చెయ్యి ఊపుతాడు. వెనకవాడు ఎదురు చూడకుండా వచ్చేస్తాడు. లీడ్‌కి ఖాళీగా ఉన్న రోడ్డు వెనకవాడు వచ్చేసరికి ఖాళీగా ఉండదు. ఎవరి కళ్లతో వాళ్లు చూసుకునే దాటాలి. పిలవొద్దు. పిలిచినా పోవద్దు.

దాటినవాడు ఇంకో తప్పు చేస్తాడు. లారీ ముందుకి రాగానే వేగం తగ్గించి వెనక్కి చూస్తాడు. వాడి వెనక వచ్చేవాడికి లారీ ముందు దూరడానికి చోటుండదు, ఎదురు లేన్‌లోనే ఇరుక్కుపోతాడు. దాటాక అదే వేగంతో ఇంకో వంద మీటర్లు పోయి, వెనకవాళ్లకు చోటిచ్చి, ఆ తర్వాత నెమ్మదించాలి.

జేపీ నగర్ మీటియోర్
మంగళవారం, రాత్రి 8:40

ఆడవాళ్ల వైపు నుంచి కూడా చెప్తాను. నేను సొంత బండి మీద ఆరేళ్లుగా రైడ్స్‌కి వెళ్తున్నా. మొదట్లో ఏ గ్రూపుకి వెళ్లినా టాయిలెట్‌కి ఎక్కడ ఆపుతారని అడగడానికే మొహమాటపడేదాన్ని. అందుకని నీళ్లు తాగేదాన్ని కాదు. ఎండలో గ్లవ్స్, జాకెట్ వేసుకుని నీళ్లు తాగకుండా 150 కిలోమీటర్లు నడిపితే కళ్లు తిరుగుతాయి. కదిరి రోడ్డులో ఒకసారి నిజంగానే తిరిగాయి, బండి పక్కకు తీసి కూర్చుండిపోయాను.

దయచేసి ప్రతి 70, 80 కిలోమీటర్లకు శుభ్రమైన టాయిలెట్ ఉన్న బంకులో ఆపండి. ఎవరూ అడగకముందే ప్లాన్‌లో రాసి పెట్టండి. అందరికీ కావాల్సిందే అది, అడిగే భారం ఒకరి మీద వేయకండి. పెట్రోలు విషయంలోనూ అంతే, పెద్ద ట్యాంకు చూసి ప్లాన్ చేయొద్దు. అందరిలోకీ చిన్న ట్యాంకు ఎవరిదో దాన్ని బట్టి ఆపాలి.

నేను ముందు వెళ్తుంటే ఆడపిల్ల దాటేసిందని రోషంతో దాటుకుని వెళ్లేవాళ్లు మన గ్రూపుల్లోనే ఉంటారు. బయలుదేరేముందు చెప్పే బ్రీఫింగ్‌లో ఒకే మాట చెప్పండి. గ్రూపు లోపల ఎవరూ ఎవర్నీ ఓవర్‌టేక్ చేయకూడదు. బయలుదేరిన వరసలోనే తర్వాతి స్టాప్ దాకా రావాలి.

వెనక సీటు
మంగళవారం, రాత్రి 9:25

మా ఆయన నడుపుతారు, నేను పిలియన్‌ని. మీటియోర్ గారు చెప్పినదానికి చేతులెత్తి మొక్కుతున్నా. వెనక కూర్చున్నవాళ్లకు ముందు బండి బ్రేక్ లైట్ కనిపించదు. ఒళ్లు సడలించుకుని కూర్చున్నప్పుడు హఠాత్తుగా ఆగితే హెల్మెట్‌కి హెల్మెట్ కొట్టుకుంటుంది, నడిపేవాళ్ల చూపు చెదురుతుంది. పిలియన్ ఉన్న బండికి ముందు ఇంకాస్త ఎక్కువ దూరం వదలండి. భార్యకో ఫ్రెండ్‌కో పాత హెల్మెట్ పెట్టి, నడిపేవాళ్లు కొత్తది పెట్టుకోవడం కూడా మానాలి.

కోరమంగళ అపాచీ
మంగళవారం, రాత్రి 10:02

ఇంటర్‌కామ్ అందరికీ కంపల్సరీ చేస్తే పోదా?

వైట్‌ఫీల్డ్ హిమాలయన్
మంగళవారం, రాత్రి 10:20

లీడ్‌కీ స్వీప్‌కీ ఉంటే చాలు. అందరికీ ఉంటే కబుర్లు మొదలవుతాయి. గుంత ఉందన్న మాట ఆ కబుర్లలో కలిసిపోతుంది.

లేపాక్షి బసవన్న
బుధవారం, ఉదయం 7:30

నమస్తే అన్నా. మాది ఆ రోడ్డులోనే ఒక పల్లె. నేను పీణ్యలో పని చేస్తా, శని, ఆదివారాలు ఊరికి వస్తా. మీవాడు పడిన సంగతి మా అమ్మ చెప్పింది. ముఖం తుడిచింది మా పెద్దమ్మే. 'పిల్లోడు ఎట్లున్నాడో' అని రోజూ అడుగుతోంది. బాగున్నాడని ఈ రోజు చెప్తా.

మీలో కొంతమంది 'రోడ్డు మీద ఎందుకు పోస్తారు' అని మావాళ్లతో గట్టిగా మాట్లాడారంట. కోపంతో కాదు, తెలియాలని చెప్తున్నా. ముందు ఊరిబయట బండతో కళ్లం ఉండేది. ఇప్పుడు ఇళ్లు వచ్చేసినాయి. మిషన్ పిలిస్తే ఎకరా, అరెకరా ఉన్నోళ్లకు గిట్టదు. రోడ్డు మీద పరిస్తే బస్సులు, లారీలు తొక్కి కాయలు పగులుతాయి, సాయంత్రానికి గింజ రాలుతుంది. రోడ్డు మీద పోయడం తప్పే, ప్రమాదమని మాకూ తెలుసు. కానీ ఆ నాలుగు బస్తాలే వాళ్ల ఏడాది కష్టం.

బండ్లవాళ్లకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. పైన కనిపించే కట్టె కన్నా కింద రాలిన గింజలే ప్రమాదం. ఉలవ నున్నగా ఉంటుంది, చక్రం కింద గోలీల మాదిరి దొర్లుతుంది. చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు ఉన్నా పట్టు దొరకదు. మీరు దాన్ని చేరకముందే, మట్టిరోడ్డు వచ్చినట్టు వేగం తగ్గించుకోవాలి. దాని మీదికి వచ్చాక బ్రేక్ పట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, క్లచ్ పట్టి సూటిగా పోనివ్వండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మా వైపు ఏ మలుపు తిరిగినా రోడ్డు మీద ఏదో ఒకటి ఉంటుందనుకునే రండి. రాగులు, కందులు, ఏదైనా.

ఇంకొక మాట. పొద్దున ఏడుగంటలకు ఇరవై సైలెన్సర్ల మోత వస్తే ఎద్దులు తాళ్లు తెంపుకుంటాయి. చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. పల్లె వచ్చేసరికి గేర్ పెంచి సప్పుడు లేకుండా పోతే మావాళ్లే చెయ్యి ఊపుతారు.

హెబ్బాళ 350
బుధవారం, ఉదయం 8:10

అన్నా, మావాళ్లు గట్టిగా మాట్లాడింది నిజమే. ఆ కంగారులో నేను ఆపలేదు. పెద్దమ్మకి మా అందరి తరఫునా క్షమాపణ చెప్పండి. వచ్చి నేనే స్వయంగా చెప్తాను.

మారతహళ్లి పల్సర్
బుధవారం, మధ్యాహ్నం 12:30

లేపాక్షి బదులు మైసూరు హైవే సేఫ్ కదా, అటు ప్లాన్ చేయకూడదా?

యలహంక డ్యూక్
బుధవారం, మధ్యాహ్నం 12:48

బ్రో, 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు-మైసూరు యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్డు మీదికి టూవీలర్లు రానివ్వడం లేదు. సర్వీస్ రోడ్డులోనే పోవాలి. గ్రూపులో ఒకడు తెలియక మెయిన్ రోడ్డు ఎక్కితే వెనక ఆరుగురూ ఎక్కుతారు. కొత్త దారికి వెళ్లేముందు బండ్లను రానిస్తారో లేదో చూసుకోవడం కూడా లీడ్ పనే.

మొదటి రైడ్
బుధవారం, రాత్రి 8:05

అందరికీ నమస్తే. పడింది నేనే. ఎడమచేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

హెబ్బాళ అన్న తప్పు తనదే అంటున్నాడు. అది పూర్తిగా నిజం కాదు. నేను ఆగేటప్పుడు హారన్ కొట్టలేదు, ఇండికేటర్ వేసి పక్కవాడికి చెప్పలేదు. గ్లవ్ లోపల అంచు మడతపడి వేలికి ఒరుసుకుంటుంటే రెండు నిమిషాల్లో సర్దుకుని కలిసిపోవచ్చనుకున్నా. మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే ఎదురుగా ఖాళీ రోడ్డు. ఆ క్షణం ఎలా ఉంటుందంటే, చిన్నప్పుడు తిరునాళ్లలో నాన్న చెయ్యి వదిలేసినట్టు. అప్పటినుంచి నేను రోడ్డు చూడలేదు, దూరంగా ఎక్కడైనా మనవాళ్ల ఎర్రలైట్ కనిపిస్తుందా అనే చూశాను. మీటర్‌లో 110 ఉంది. మామూలుగా నేను 80 దాటను.

పాత బుల్లెట్ గారు రాసిన 'నీకోసం ఆగుతాం' అన్న మాట చదివి అమ్మకి కూడా వినిపించాను. ఆ మాట తెలిసుంటే నేను 60లో వచ్చేవాణ్ణి.

అమ్మ ఇంకా బండి అమ్మేయమనే అంటోంది. డాక్టర్ సరేనన్నాకే మళ్లీ ఎక్కుతానని మాటిచ్చాను.

పాత బుల్లెట్
బుధవారం, రాత్రి 8:30

అమ్మగారి మాట కాదనకు నాన్నా. మొదట భుజం నయం కానీ. తర్వాత ఒక వారం మీ ఇంటి చుట్టూ నడుపు, ఆ తర్వాత నాతో నంది హిల్స్ కిందిదాకా రా. మనిద్దరమే. పైకి వద్దు, ఆదివారం తెల్లవారుజామున ఆ ఘాట్‌లో రేసులు పెట్టుకునేవాళ్ల మధ్య నీకేం పని.

హెబ్బాళ 350
గురువారం, రాత్రి 9:45

ఇవాళ మా పద్నాలుగు మందీ కూర్చుని మాట్లాడుకున్నాం. తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు. అనుకున్నవి ఇవి.

ఇకపై ఏడు బండ్లకు మించి ఒక గ్రూపు ఉండదు. కొత్తవాళ్లు లీడ్ వెనకే. స్వీప్ ఎవరో ముందురోజే పేరు చెప్తాం. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అతని దగ్గరే ఉంటాయి. ఏం జరిగినా అతను ముందుకి రాడు. మధ్యలోకి వచ్చిన మనవాడు మొన్నటినుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఈసారి స్వీప్ తనకే ఇమ్మని అడిగాడు, ఇచ్చాం. ఆగాల్సినవాళ్లు హారన్ కొట్టి ఇండికేటర్ వేసి ఆగుతారు, స్వీప్ వాళ్ల వెనకే ఆగుతాడు. ప్రతి స్టాప్‌లో బండ్లు కాదు, మనుషుల్ని పేరు పేరునా లెక్కపెడతాం. హెడ్‌లైట్ రూల్ బ్రీఫింగ్‌లో మొదటి మాట. అందరి ఇంటి నంబర్లు, బ్లడ్ గ్రూపులు ఒక కాగితం మీద రాసి లీడ్ దగ్గరొకటి, స్వీప్ దగ్గరొకటి ఉంచుతాం. నర్సమ్మ గారు ఒక ఆదివారం హెల్మెట్ తీయడం నేర్పిస్తామన్నారు, మా ఇంటి మేడ మీద పెట్టుకుంటున్నాం. ఎవరైనా రావచ్చు.

స్పీడ్ ఎంత పెట్టాలన్న దగ్గర ఇంకా కుదరలేదు. కొందరు 80 అంటున్నారు, కొందరు 90. నేను 80 అన్నాను.

మళ్లీ రైడ్ లేపాక్షికే. పోయినసారి వీరభద్రస్వామిని ఎవరూ చూడలేదు, వేలాడే స్తంభం దాకా కూడా వెళ్లలేదు. అంతకన్నా ముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాలి.

లేపాక్షి బసవన్న
గురువారం, రాత్రి 10:10

రండి అన్నా. వచ్చేముందు ఒక రోజు చెప్పండి. ఉలవలు అప్పటికి ఇంటికి చేరుంటాయి, కందికట్టె ఉన్నా ఉండొచ్చు. మలుపుకి ముందు ఎడమపక్క వేపచెట్టు ఉంది చూడండి, అక్కడ నేను నిలబడి చెయ్యి చూపిస్తా. మీలో చివరి బండి దాటేదాకా అక్కడే ఉంటా.